గోడ మీది ఓటరు

"పేకాట తెల్సు, క్యారంబోర్డు తెల్సు. గీ ఓట్లాట ఏంది టీచరమ్మా? గెలిస్తే ఏమిస్తరంట?"

పక్కింటక్కకు ఏదైనా అడగాలనిపిస్తే మా గేటు దాకా రాదు. వాళ్ళవైపు నీళ్ళ తొట్టి గట్టెక్కి, గోడ మీద మోచేతులు ఆనించి నిలబడుతుంది. శామీర్‌పేటలో ఎవరి పొలం ఏ రేటుకు పోయిందో, ఎవరింట్లో పెళ్ళి సంబంధం తప్పిందో, మేడ్చల్ ఎమ్మార్వో ఆఫీసులో ఇవాళ సర్వర్ పనిచేస్తుందో లేదో, అన్నీ ఆ గోడ మీదే తేలిపోతాయి. మా చిన్నోడు కంప్యూటర్‌లో ఒక దేశాన్ని ఏలుతున్నాడనీ, ఎలక్షన్‌లో ఓడిపోయి అన్నం మీద అలిగాడనీ ఆమెకు ఎట్లా తెలిసిందో మరి.

"గెలిస్తే ఇంకో విడత కుర్చీ. అంతే అక్కా."

"గంతేనా! మరి ఓడితే?"

"మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు."

"ఔ మల్ల. మనోళ్ళు గూడ గట్లనే జేస్తరు గద."

ఆ ఆట పేరు డెమోక్రసీ. క్లిఫ్ హారిస్ అనే ఇంగ్లండు ఆయన పాజిటెక్ అని చిన్న కంపెనీ పెట్టుకొని 2005లో మొదటిది తెచ్చాడు. మూడోది 2013లో వచ్చింది, నాలుగోది 2022లో పూర్తయింది. ఇందులో ఏనుగులు, గుర్రాలు, కోటలు ఏమీ లేవు. తెరనిండా గుండ్రటి బొమ్మలు: పన్నులు, పింఛన్లు, బస్సుల రాయితీ, బడులు, పోలీసులు. ఒక బొమ్మ మీద బాణం పెడితే అందులోంచి గీతలు బయల్దేరుతాయి. మేలు చేసేది పచ్చగీత, చెరుపు చేసేది ఎర్రగీత. ఆ గీతలన్నీ పోయి నడుమనున్న ఓటర్ల గుంపులకు తగులుతాయి. రైతులు, రిటైరైనవాళ్ళు, కార్లున్నవాళ్ళు, బస్సెక్కేవాళ్ళు, భక్తులు, పిల్లలున్నవాళ్ళు, సర్కారు ఉద్యోగులు, పేదలు, ఉన్నవాళ్ళు, పర్యావరణం అనేవాళ్ళు. మూణ్నెల్లకొక ఎత్తు. గడువు తీరగానే ఎన్నికలు.

ఇంతవరకు వింటే "ఓట్‌బ్యాంకుల లెక్కే కదా" అనిపిస్తుంది. కానీ ఇందులో ఒక తెలివైన పని ఉంది. ఒక మనిషిని ఒకే గుంపులో వేసి తాళం పెట్టడు. లోపల పుట్టించిన ఒక్కో ఓటరు నాలుగైదు గుంపుల్లో ఉంటాడు. ఒకదాంట్లో గట్టిగా, ఒకదాంట్లో అంతంతమాత్రంగా. రైతుగా సర్కారును మెచ్చుకుంటూనే, కారున్నవాడిగా పెట్రోలు పన్నును తిట్టుకుంటాడు. ఆ మెప్పూ తిట్టూ కలిపి కూడితే ఓటు. మెదడులో నరాల అల్లికను చూసి ఆ లెక్క కట్టానని హారిసే చెప్పుకున్నాడు.

అక్కకు ఇది ఠక్కున పట్టింది. "అయితే నన్ను ఏ గుంపుల వెడ్తడు మీ పిలగాడు?"

ఇద్దరం కలిసి లెక్క మొదలుపెట్టాం. పట్టా పాసుబుక్కు ఉంది కాబట్టి రైతు. ఆసరా పింఛను వస్తుంది కాబట్టి పెద్దవయసు. జేబీఎస్ బస్టాండు దాకా ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద పోతుంది కాబట్టి బస్సు గుంపు. డ్వాక్రా సంఘంలో ఉంది. వెనక రెండు గదులు జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పనిచేసే పిల్లలకు అద్దెకిచ్చింది కాబట్టి ఇంటి ఓనరు. శనివారం ఒక్కపొద్దు. కొడుకు ఆటో నడుపుతాడు.

"ఆగాగు, గా ఆటో ముచ్చట రాసుకో ముందుగాల" అంది. ఎందుకో తెలియనిది కాదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి కింద ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. అక్క టికెట్ పైసలు మిగిలాయి, కొడుకు ఆటోకు గిరాకీ పడిపోయింది. ఆటోవాళ్ళు రోడ్డెక్కారు, బంద్‌లు చేశారు. ఒకే జీవో, ఒకే ఇల్లు, తల్లికి పచ్చగీత, కొడుక్కి ఎర్రగీత. ఆటలో బస్సు రాయితీ ఉంది, అది కార్లను తగ్గిస్తుందన్న లెక్కా ఉంది. కానీ కారుకూ బస్సుకూ నడుమ పసుపు ఆటో ఒకటి ఉంటుందని ఇంగ్లండులో కూర్చున్నవాడికి తట్టలేదు. అది అతని తప్పు కాదు. మూడో ఆట మొదట బయటికొచ్చినప్పుడు ఏలడానికిచ్చిన దేశాలు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, కెనడా, ఆస్ట్రేలియా.

ఇంకో సంగతి కూడా హారిస్ బాగానే పట్టుకున్నాడు. చేసే పనుల వల్ల గుంపుల సంతోషమే కాదు, గుంపుల సైజు కూడా మారుతుంది. రోడ్లు వేస్తూ పోతే కార్లవాళ్ళు పుట్టుకొస్తారు, వాళ్ళు మళ్ళీ ఇంకా రోడ్లడుగుతారు. దీనికి మేడ్చల్‌ని మించిన ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. పందిళ్ళ కింద నడుస్తుంటే నెత్తికి గుత్తులు తగిలేవి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. తుర్కపల్లి వైపు మందుల పరిశోధనా కంపెనీలు, ఇటు బిట్స్ పిలానీ క్యాంపస్, అటు నల్సార్ లా యూనివర్సిటీ వచ్చాయి. పందిళ్ళు లేచిపోయి హద్దురాళ్ళు దిగాయి. మనుషులు వాళ్ళే. నిన్న రైతు గుంపు, ఇవాళ ప్లాటు గుంపు.

కానీ పాసుబుక్కు మాత్రం రైతుదే! తమాషా అక్కడుంది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకు వచ్చింది. కౌలుకు దున్నేవాడికి రాలేదు. ప్లాట్లు గీసిన భూమికీ కొన్నిచోట్ల పడ్డాయి. 2025 జనవరి 26న రైతు భరోసా అని ఎకరానికి ఏడాదికి 12,000 లెక్కన మొదలుపెట్టినప్పుడు, సాగుకు పనికిరాని భూములను, వెంచర్లను తీసేస్తామన్నారు. ఇప్పుడు చెప్పండి, ఆటలో "రైతు" అనే ఒక్క బొమ్మ పెడితే అందులో ఎవరుంటారు? పట్టా ఉండి దున్ననివాడు, దున్ని పట్టా లేనివాడు, పట్టా కాగితం అమెరికాలో బీరువాలో పెట్టుకున్నవాడు. ఈ ముగ్గురికీ ఒకే గీత పచ్చగా ఎట్లా పారుతుంది? మన దగ్గర రైతు గుంపును కనీసం మూడు ముక్కలు చెయ్యనిదే ఏ లెక్కా కుదరదని నా గట్టి అభిప్రాయం.

మావాడు ఇంకో ఆట కూడా చూపించాడు. ద పొలిటికల్ మెషీన్ అని స్టార్‌డాక్ అనే అమెరికా కంపెనీది, 2004 నుంచి అక్కడ అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడల్లా కొత్తది తెస్తున్నారు. ఇందులో ఏలడం లేదు, ప్రచారమే. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో సమస్యల చిట్టా, ఒక్కో సమస్యకు ఒక్కో బరువు. ఒకచోట ఉద్యోగాలు పైన, ఇంకోచోట తుపాకుల చట్టం పైన. అభ్యర్థి ఊరూరా తిరిగి ఆ చిట్టాలో పైనున్నదాని గురించి మాట్లాడాలి. ఓటరు ఏమనుకుంటున్నాడన్నది ఒకటి, ఆ అనుకునేదానికి ఎంత విలువిస్తున్నాడన్నది వేరొకటి అని విడదీయడం ఈ ఆటలోని మంచి సంగతి. డంపింగ్ యార్డు వద్దు అని ఎవర్నడిగినా అంటారు. కానీ జవహర్‌నగర్ యార్డు గాలి ముక్కుకు తగిలేవాడికి అది పదికి పది, మేడ్చల్ స్టేషన్ దగ్గరుండేవాడికి మూడో నాలుగో.

మరి మన చిట్టాలో పైన ఏముంటుంది? అక్క తడుముకోకుండా చెప్పింది: "రోడ్డు. అల్వాల్ దాటాలంటే పానం పోతది." 2024 మార్చిలో ప్యారడైజ్ నుంచీ, రాజీవ్ రహదారి మీదా ఎలివేటెడ్ కారిడార్లకు శంకుస్థాపనలు జరిగాయి. 2025 కొత్త సంవత్సరం నాడు జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో అని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఇటువైపు ప్లాట్ల బోర్డులన్నీ మర్నాటికల్లా రంగు మార్చుకున్నాయి.

ఇక్కడే ఆటకు చిక్కు. మెట్రో కావాలా, వద్దా అని అడిగితే వద్దనేవాడు ఎవడు? అటువైపు పార్టీ ఉంటే కదా ఇటువైపు ఓటు! అందరూ కావాలనే విషయంలో తగువు "ఏది" అన్నదాని మీద ఉండదు, "ఎవడు తెస్తాడు" అన్నదాని మీద ఉంటుంది. అమెరికాలో డొనాల్డ్ స్టోక్స్ అనే ఆయన 1963లోనే ఈ మాట పట్టుకున్నాడు. ఓటర్లను కుడీ ఎడమా గీత మీద నిలబెట్టి కొలిచేవాళ్ళకు ఎదురు చెప్పాడు.

ఆ గీత సంగతి కూడా అక్కకు చెప్పాను. శామీర్‌పేట రోడ్డు మీద రెండే ధాబాలు ఉన్నాయనుకో. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. ఇద్దరికీ ఆశ ఉంటుంది కదా, అవతలివాడి గిరాకీ కొంచెం లాగుదామని. జరుగుతూ జరుగుతూ చివరికి ఇద్దరూ నట్టనడుమ గోడకు గోడ ఆనించి కూర్చుంటారు. 1929లో హోటలింగ్ అనే ఆయన దుకాణాల గురించి ఇట్లాంటి లెక్కే వేశాడు. 1957లో ఆంథొనీ డౌన్స్ దాన్నే పూర్తిగా పార్టీలకు పట్టించి పుస్తకం రాశాడు. పార్టీలు రెండూ నడుమనున్న ఓటరు దగ్గరికే పోతాయని. చాలా ఆటల పునాదిలో ఈ గీతే ఉంది. డెమోక్రసీలో రెండు గీతలున్నాయి. సోషలిస్టూ పెట్టుబడిదారూ అని ఒకటి, ఉదారవాదీ సంప్రదాయవాదీ అని ఒకటి. ప్రతి ఓటరూ రెంటిమీదా ఎక్కడో ఒకచోట నిలబడాల్సిందే.

"గట్లయితే గీ కాంగ్రెసోళ్ళ ఆరు గ్యారెంటీలు ఏ దిక్కున్నట్టు? ఎడమదిక్కా, కుడిదిక్కా?" అంది అక్క.

ఏం చెప్పను? రెండు రూపాయల కిలో బియ్యం మాటతో 1983లో ఎన్టీఆర్ గద్దెనెక్కారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఫైలు మీద వైఎస్ సంతకం పెట్టారు. రైతుబంధు టీఆర్ఎస్‌ది. ఉచిత బస్సు కాంగ్రెస్‌ది. పార్టీలు వేరు, గీత మీద చోటు మాత్రం దాదాపు ఒకటే. అందుకే మన దేశానికి ఆ విదేశీ గీత సరిపోదని ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ అనే ఇద్దరు 2018లో ఒక పుస్తకం రాశారు. వాళ్ళ ప్రకారం మన ఓటరు భావజాలం లేనివాడు కాదు, గీతలే వేరు. సమాజపు కట్టుబాట్లలో, ఆస్తి పంపకంలో సర్కారు ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు అన్నది ఒకటి. వెనకబడిన కులాలకు, మైనారిటీలకు సర్కారు ప్రత్యేకంగా గుర్తింపు ఇవ్వాలా, వద్దా అన్నది రెండోది. రిజర్వేషన్ ముచ్చట తెచ్చి చూడండి, మా వీధి రెండు పక్కలుగా చీలిపోతుంది. పన్నుల ముచ్చట తెస్తే ఎవరూ మంచం దిగరు. ఆ పుస్తకంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను.

కానీ అది ఒప్పుకున్నా మా దగ్గరి లెక్క ఇంకా తేలదు. ఎన్నికల డ్యూటీలు చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, మల్కాజిగిరి ఏ ఆటకూ లొంగే నియోజకవర్గం కాదు. దేశంలోనే ఎక్కువ ఓటర్లున్న లోక్‌సభ స్థానం ఇది. 2019లో 31 లక్షలు దాటారు, 2024కి 37 లక్షలు దాటారు. మేడ్చల్ అందులోని ఏడు అసెంబ్లీ ముక్కల్లో ఒకటి. 2018 డిసెంబర్‌లో ఆ ఏడింటిలో ఆరు టీఆర్ఎస్ గెలిచింది. అదే ఎన్నికల్లో కొడంగల్‌లో ఓడిపోయిన రేవంత్ రెడ్డి, కొద్దినెలలకే మల్కాజిగిరిలో కాంగ్రెస్ తరఫున నిలబడి 10,919 ఓట్లతో ఎంపీ అయ్యారు. సరే, ఏదో ఒకసారి అట్లా జరిగిందనుకుందాం. 2023లో ఏడుకు ఏడూ, పేరు మార్చుకొని బీఆర్ఎస్ అయిన ఆ టీఆర్ఎస్సే గెలిచింది. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడ గులాబీయే. మేడ్చల్‌లో మల్లారెడ్డిగారే. సరిగ్గా ఆ ఎన్నికల్లోనే ఈటల రాజేందర్ హుజూరాబాద్‌లోనూ గజ్వేల్‌లోనూ రెండుచోట్లా ఓడిపోయారు. 2024 మే 13న పోలింగ్. జూన్‌లో చూస్తే అదే ఈటల బీజేపీ తరఫున మల్కాజిగిరిలో మూడు లక్షల తొంభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆర్నెల్ల కింద ఏడుకు ఏడు గెలిచిన బీఆర్ఎస్ మూడో స్థానానికి పోయింది.

ఇది మావాడి ఆటలో పెట్టండి. ఆర్నెల్లంటే రెండే ఎత్తులు. రెండెత్తుల్లో లక్షల మంది గుంపులు మారడమూ, గీత మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడవడమూ అయ్యే పని కాదు. పైగా వేరేచోట ఓడి వచ్చినవాడికి ఆటలో మార్కులు తగ్గాలి, ఇక్కడ రెండుసార్లూ పెరిగాయి. మావాడు బుర్ర గోక్కున్నాడు. "ఓటర్లు మారారేమో అమ్మా, కొత్తవాళ్ళు చేరారేమో" అన్నాడు. కొంతమంది చేరారు, నిజమే. అంతమంది కాదు.

అక్క మాత్రం బుర్ర గోక్కోలేదు. "మారుడేంది? ఎమ్మెల్యే ఓటు ఎమ్మెల్యేకు, ఎంపీ ఓటు ఎంపీకి. కుర్చీ వేరైతే ఓటు వేరు గాదా?"

నా ఉద్దేశంలో ఆటలు పట్టుకోలేకపోయింది ఇదే. ఓటరు ఏమనుకుంటాడు, దేనికెంత బరువిస్తాడు అన్నది ఆ మనిషికి అంటిపెట్టుకొని ఉంటుందని ఆటల నమ్మకం. ఆ బరువులు మనిషితో పాటు కుర్చీని బట్టి కూడా మారతాయి. ఎమ్మెల్యే కుర్చీ అంటే అక్కకు పింఛను, రోడ్డు, పోలీస్ స్టేషన్‌కు ఒక ఫోను. ఎంపీ కుర్చీ అంటే దేశం, ప్రధాని, సరిహద్దు, అయోధ్య. రెండు చిట్టాలూ ఆమె దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. పోలింగ్ బూత్‌లో ఏ బ్యాలెట్ ముందుందో ఆ చిట్టా తీస్తుంది, రెండోదాన్ని మడిచి కొంగున కట్టుకుంటుంది. ఆమె మారిందనీ, తికమక పడిందనీ టీవీల్లో విశ్లేషకులు అంటుంటే నాకు నవ్వొస్తుంది. సర్పంచ్ కుర్చీకి మూడో చిట్టా ఉండేది. అందులో పార్టీ గుర్తే ఉండదు, వాడి తాత మన తాతకు ఏం చేశాడన్నది ఉంటుంది. మా చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కొక్కటే మునిసిపాలిటీలు అయిపోయి ఆ చిట్టాకు పని లేకుండా పోయింది. ఆ బాధ అక్కకు ఇంకా పోలేదు.

హుజూరాబాద్ ఉపఎన్నిక కూడా ఈ కుర్చీ లెక్కతోనే కొంత అర్థమవుతుంది. 2021 ఆగస్టులో దళితబంధు అక్కడే మొదలుపెట్టారు, కుటుంబానికి పది లక్షలు. డెమోక్రసీ ఆటలో అంత లావు పచ్చగీత గీస్తే గెలుపు ఖాయం. నవంబర్‌లో ఫలితం వస్తే టీఆర్ఎస్ వదిలి బీజేపీలో చేరిన ఈటలే ఇరవై మూడు వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ఉపఎన్నికలో సర్కారు మారదు, పథకం ఎటూ పోదు. అట్లాంటప్పుడు ఓటు పథకానికి ఎందుకు వెయ్యాలి, మనిషికి వేస్తే సరిపోతుంది కదా! ఇచ్చిందాన్ని ఉంచుకొని ఎదుటివాడికి ఓటేయడాన్ని కృతఘ్నత అంటారు నాయకులు. నాకైతే అది చక్కటి లెక్కే అనిపిస్తుంది.

మనిషి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014లో మల్లారెడ్డిగారు తెలుగుదేశం ఎంపీ. తర్వాత టీఆర్ఎస్‌లోకి వచ్చి 2018లో ఎమ్మెల్యే, ఆ తర్వాత మంత్రి. ఆటలో పార్టీ మారితే ఆ గీత మీది చోటు కూడా మారాలి, పాత ఓటరు దూరమవ్వాలి. ఇక్కడ కండువా రంగు మారినా ఆయన "పాలమ్మిన, పూలమ్మిన" అన్న మాట పిల్లల నోళ్ళలో కూడా ఆడుతూనే ఉంది. ఆ మాటకు ఏ గుంపులోంచి ఎన్ని పచ్చగీతలు గీయాలో హారిస్‌కు ఎవరైనా చెప్పాలి. ఓటుకు ముందు రాత్రి తలుపు సందులోంచి వచ్చే కవరుకు కూడా ఆటలో గడి లేదు. ఉంటే మావాడు ఎప్పుడో గెలిచేవాడు.

ఓటే వేయనివాళ్ళ సంగతి వేరే పురాణం. ఆటలో ఓటరు విసిగిపోతే ఇంట్లో కూర్చుంటాడు. మల్కాజిగిరిలో సగం మందే ఓటేస్తారు, అందరూ విసిగిపోయి కాదు. మా వీధి చివర సిద్దిపేట వాళ్ళకు ఓటు ఊళ్ళోనే ఉంది, అక్కడైతే పలకరించేవాడు ఉంటాడని. ఆ పక్క అపార్ట్‌మెంట్‌లో సగానికి తాళాలు, ఎందుకంటే ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకూ పోలింగ్ కూడా అదే మే 13న. అక్కడి ఓటు బరువు ఎక్కువని సంక్రాంతికి పోయినట్టు బస్సులెక్కి పోయారు. ఒక మనిషికి ఒకే ఊరు అని ఆట అనుకుంటుంది.

ఇదంతా చెబితే మావాడికి పౌరుషం వచ్చింది. ఆ ఆటలో గుంపులు, గీతలు, బరువులు అన్నీ మామూలు వరుసల ఫైళ్ళలో ఉంటాయి. ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. హారిస్ అట్లా వదిలిపెట్టాడు. మావాడు కూర్చొని రైతును మూడు ముక్కలు చేశాడు. డ్వాక్రా పెట్టాడు, ఆసరా పెట్టాడు, ఆటోవాళ్ళను పెట్టి ఉచిత బస్సు నుంచి ఎర్రగీత లాగాడు. ప్లాటు గుంపుకు మెట్రో నుంచి పచ్చగీత లాగాడు. అది ఎంత లావు పెట్టాలో తెలియక రియల్ ఎస్టేటు చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాడు. సాయంత్రానికి అక్కను గోడ దగ్గరికి పిలిచి ల్యాప్‌టాప్ చూపించాడు. "పెద్దమ్మా, ఇదిగో ఇది నువ్వే" అని.

అక్క కళ్ళద్దాలు తెచ్చుకొని, ఒక్కో గీతా వేలితో తడుముతూ చూసింది. కొడుకు ఎర్రగీత కాడ ఆగింది. పింఛను పచ్చగీత ఇంకొంచెం లావు చెయ్యమంది, చేశాడు. అప్పుడడిగింది:

"గిది ఎమ్మెల్యే కుర్చీదా, ఎంపీ కుర్చీదా?"

"ఇందులో కుర్చీ ఒక్కటే పెద్దమ్మా. గుంపులు ఎన్నైనా చేర్చొచ్చు, రెండో కుర్చీ చేర్చడానికి రాదు."

"మరి నా రెండో ఓటు యాడెయ్యాలె బిడ్డా?"